లెక్క కూడా సాక్ష్యమే

దినపత్రికల్లో వాణిజ్య పుట అని ఒకటి ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చదవకుండానే తిప్పేసి ఆటల పుటకు వెళ్ళిపోతాం. ఎప్పుడైనా ఆగి చూస్తే అక్కడ ఒక మాట కనిపిస్తుంది: "ఫలానా కంపెనీ మార్కెట్ విలువ ఒక్కరోజులో వెయ్యి కోట్లు పెరిగింది." మర్నాడు అదే చోట ఇంకో మాట: "వెయ్యి కోట్లు ఆవిరైపోయాయి." నిదానంగా ఆలోచిస్తే ఇది వింతగా తోస్తుంది. పెరిగిన రోజున ఆ కంపెనీవారు కొత్తగా ఒక గోడైనా కట్టలేదు. తగ్గిన రోజున ఆ కంపెనీలో ఒక పెంకైనా పగల్లేదు. పనివాళ్ళు రెండు రోజులూ ఒకే వేళకు వచ్చారు, ఒకే వేళకు ఇంటికి వెళ్ళారు. మరి ఆ వెయ్యి కోట్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఎక్కడికి పోయాయి?

"షేర్ల గొడవ మనకెందుకండీ, అది ఉన్నవాళ్ళ వ్యవహారం" అనే మాట మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు లేదు. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి తన దగ్గరకు వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని షేర్ మార్కెట్‌తో ముడిపడిన ఫండ్లలో పెడుతూ వచ్చింది. అంటే జీవితంలో ఒక్క షేరు కూడా కొనని మిల్లు కార్మికుడి పి.ఎఫ్. సొమ్ము కూడా కొంత అక్కడికి చేరుతుంది. నెలకు ఐదొందలో వెయ్యో మ్యూచువల్ ఫండ్‌లో కట్టే టీచర్లు, నర్సులు మన మధ్యనే ఉన్నారు. కనుక కంపెనీలు చెప్పే లాభాల లెక్కలు నిజమా కాదా అన్నది మనందరి ఇంటి సమస్యే.

ఈ వారం మన ముందున్న ప్రశ్న ఇది. ఒక కంపెనీ "ఈ మూడు నెలల్లో మా లాభం ఇంత" అని ప్రకటించినప్పుడు అది చేస్తున్న పని ఏమిటి? కూడికలు, తీసివేతలు చేసి ఒక అంకె చెప్పడమేనా? లేక తన వ్యవహారాన్ని కళ్ళారా చూడలేని లక్షలాది మంది ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పడమా?

సంతలో గేదె

ముందు షేరు ధర ఎలా పుడుతుందో తెలుసుకుందాం. ఇందులో మనకు అందని రహస్యమేమీ లేదు. పశువుల సంతకు వెళ్ళినవారెవరికైనా ఇది అర్థమవుతుంది.

పాడిగేదెను కొనేవాడు దాని కొమ్ములు చూసి డబ్బివ్వడు. పూటకు ఎన్ని లీటర్లిస్తుంది, ఎన్నో ఈత, ఇంకా ఎన్ని ఈతలు ఈనుతుంది అని అడుగుతాడు. అంటే అతడు కొంటున్నది ఇవాళ్టి పాలను కాదు, రాబోయే సంవత్సరాల పాలను. షేరు కూడా అంతే. ఒక కంపెనీ ఏడాదికి షేరుకు 10 రూపాయలు లాభం సంపాదిస్తోందనుకుందాం. ఆ లాభం ఇకముందు బాగా పెరుగుతుందని నమ్మినవారు ఆ షేరుకు 200 రూపాయలైనా ఇస్తారు. అది లాభానికి ఇరవై రెట్లు. నమ్మకం తగ్గితే పది రెట్లే ఇస్తారు. ధర 100 రూపాయలకు దిగుతుంది. లాభం మారలేదు, నమ్మకం మారింది. కంపెనీకున్న అన్ని షేర్ల ధరనూ కలిపితే వచ్చేదే పత్రికల్లో కనిపించే మార్కెట్ విలువ. ఒక్కరోజులో వచ్చి ఒక్కరోజులో పోయే ఆ వెయ్యి కోట్లు ఇటుకలూ కావు, యంత్రాలూ కావు. రేపటి గురించి మనుషులు పెట్టుకున్న నమ్మకాలు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. కిరాణా కొట్టువాడు తూకంలో వంద గ్రాములు తగ్గిస్తే కొన్నవాడికి వంద గ్రాములే నష్టం. కంపెనీ లాభంలో చేసిన మోసం అలా ఆగదు. ధర లాభానికి ఇరవై రెట్లున్నచోట, లాభంలో ఒక రూపాయి అబద్ధం కలిపితే ధరలో ఇరవై రూపాయల అబద్ధం కలుస్తుంది. చిన్న అబద్ధానికి ఇంత పెద్ద ప్రతిఫలం దొరికే చోటు లోకంలో మరొకటి అరుదు. ప్రలోభం బలంగా ఉండడానికి కారణం ఇదే.

సంతలో ఇంకో అలవాటు కూడా ఉంది. గేదెను అమ్మేవాడు ముందు పూట పాలు పితక్కుండా, దూడను విడవకుండా తోలుకొస్తాడు. పొదుగు నిండుగా కనిపిస్తుంది. నిలదీస్తే, "నేను అబద్ధమాడలేదే, ఆ పాలు దానివే కదా" అంటాడు. మాట నిజమే, ఉద్దేశం అబద్ధం. కంపెనీల్లోనూ ఇలాంటివారు ఉంటారు. ఏప్రిల్‌లో పంపాల్సిన సరుకును మార్చి 31 లోపలే డీలర్ల గోదాముల్లోకి తోసి అమ్మకాల్లో చూపిస్తారు. రాని బాకీలను వస్తాయని రాసుకుంటారు. యంత్రాల అరుగుదలను తక్కువ చేసి చూపిస్తారు.

లెక్కల్లో కొంత అంచనా తప్పదు, నిజమే. ఒక యంత్రం పదేళ్ళు నడుస్తుందా, పన్నెండేళ్ళా అన్నది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అంచనా తప్పినంత మాత్రాన అది పాపం కాదు. మరి నిజాయితీగల అంచనాకూ మోసానికీ మధ్య గీత ఎక్కడుంది? గీత ఇక్కడుందని నాకు తోస్తుంది. నిజాయితీపరుడు ముందు యంత్రాన్ని చూసి తర్వాత అంకె రాస్తాడు. మోసం చేసేవాడు ముందు తనకు కావలసిన అంకె రాసుకుని, తర్వాత దానికి తగిన కారణాన్ని వెదుక్కుంటాడు. కాగితం మీద రెండు అంకెలూ ఒకేలా ఉండవచ్చు. మనస్సాక్షికి మాత్రం తేడా తెలుసు.

ఇంతకూ, పాలు పితకని ఆ గేదె పొదుగు సలుపుతుండగా సంతలో నిలబడి ఉంటుంది. ఆ నొప్పి అమ్మేవాడికీ లేదు, కొనేవాడికీ లేదు. దీన్ని కూడా గుర్తుంచుకుందాం.

సత్యం అనే పేరు

పాలు ఆపి పొదుగు నింపడం ఒక మెట్టు. లేని పాలను ఉన్నట్టు లెక్క రాయడం దాని పై మెట్టు. దీనికి మన గడ్డమీదే జరిగిన ఉదాహరణ ఉంది.

బి. రామలింగరాజు గారు 1987లో హైదరాబాదు కేంద్రంగా సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అనే సంస్థను స్థాపించారు. 1992లో ఆ సంస్థ షేర్లు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోను, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలోను నమోదయ్యాయి. 2008 నాటికి అందులో యాభై వేలకు పైగా ఉద్యోగులున్నారు. "మా అబ్బాయి సత్యంలో చేస్తున్నాడు" అంటే పెళ్ళిసంబంధాలు వెదుక్కుంటూ వచ్చిన రోజులవి. అదే సంవత్సరం సెప్టెంబరులో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు ఆ సంస్థకు గోల్డెన్ పీకాక్ అనే అంతర్జాతీయ పురస్కారం కూడా లభించింది.

2008 డిసెంబరు 16న సత్యం ఒక ప్రకటన చేసింది. రాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనబోతున్నామన్నది దాని సారాంశం. సత్యం అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెనుకనుంచి చదివితే వచ్చే పేరే మేటాస్. సాఫ్ట్‌వేర్ కంపెనీ సొమ్ముతో యజమాని ఇంటివారి స్థలాల కంపెనీలను కొనడమేమిటని మదుపుదారులు మండిపడ్డారు. గంటల వ్యవధిలోనే ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నారు. కానీ అనుమానం పుట్టిపోయింది.

2009 జనవరి 7న రాజు గారు డైరెక్టర్లకు ఒక లేఖ రాసి, స్టాక్ ఎక్స్ఛేంజిలకు, సెబీకి ప్రతులు పంపారు. దానిలోని అంకెలు ఇవి. 2008 సెప్టెంబరు నెలాఖరు లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపించారు. అందులో 5,040 కోట్లు లేనేలేవు. రావలసిన వడ్డీ అని చూపించిన 376 కోట్లు లేవు. తీర్చవలసిన 1,230 కోట్ల బాకీని లెక్కల్లో చూపలేదు. రావలసిన బాకీలను 490 కోట్లు పెంచి చూపించారు. మొత్తం 7,136 కోట్లు. ఒక్క ఆ మూడు నెలలకే ఆదాయం 2,700 కోట్లని, నిర్వహణ లాభం 649 కోట్లని ప్రకటించారు. అసలు ఆదాయం 2,112 కోట్లు. అసలు లాభం 61 కోట్లు.

ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి సుమారు 40 రూపాయలకు పడిపోయింది.

అబద్ధానికి వడ్డీ

ఇంత పెద్ద అబద్ధాన్ని ఎవరైనా ఒకనాటి ఉదయం కూర్చుని తలపెడతారా? తలపెట్టరు. రాజు గారు తన లేఖలో రాసినదాని ప్రకారం, నిజమైన లాభానికీ చూపించిన లాభానికీ మధ్య తేడా మొదట్లో స్వల్పమే. కంపెనీ పెరిగినకొద్దీ అది అదుపు తప్పింది. చివరికి తన పరిస్థితి పులి మీద స్వారీలా అయిందని, దిగితే అది తినేస్తుందని ఆయన వాపోయారు.

తేడా ఎందుకు పెరుగుతుంది? ఒకసారి అడుగడుగుగా చూద్దాం. ఈ మూడు నెలల్లో లేని లాభం కొంత చూపించామనుకోండి. షేరు ధర నిలబడింది, అందరూ మెచ్చుకున్నారు. వచ్చే మూడు నెలల్లో ఇంతకంటే ఎక్కువ రావాలని వారు ఎదురుచూస్తారు. అంటే ఈసారి పాత అబద్ధాన్ని నిలబెట్టడంతోపాటు కొత్త అబద్ధాన్నీ చేర్చాలి. అంతేకాదు. లాభం వచ్చిందంటే ఆ సొమ్ము ఎక్కడో ఒకచోట ఉండాలి కదా? కనుక బ్యాంకులో ఉన్నట్టు దొంగ రశీదులు సృష్టించాలి. బ్యాంకులో డిపాజిట్లు ఉంటే వాటికి వడ్డీ రావాలి కదా? కనుక లేని డిపాజిట్లకు లేని వడ్డీ కూడా రాయాలి. పైన చెప్పిన 376 కోట్లు అదే. అబద్ధానికి కూడా వడ్డీ కట్టవలసి వస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? లేని ఆదాయానికి లేని బిల్లులు కూడా కావాలి. ఈ కంపెనీలో ఆరువేలకు పైగా దొంగ బిల్లులు పుట్టాయని అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ 2011 ఏప్రిల్‌లో పేర్కొంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిజమైన లోటు బయటపెడితే ధర పడుతుంది. ధర పడితే షేర్లను కుదువపెట్టుకుని అప్పిచ్చినవారు వాటిని అమ్మేసుకుంటారు. తక్కువ వాటా ఉన్న యజమాని చేతిలోనుంచి కంపెనీ జారిపోతుంది. మేటాస్ కొనుగోలు కూడా లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టే చివరి ప్రయత్నమేనని ఆ లేఖలోనే ఉంది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని మన పెద్దలన్నారు. బయటి పల్లకీని మోయడానికి ఇంట్లోవాళ్ళనందరినీ బోయీలుగా నిలబెట్టిన కథ ఇది.

ఇది మన ఊరి జాడ్యం మాత్రమే కాదు. అమెరికాలో ఎన్రాన్ అనే పెద్ద ఇంధన కంపెనీ ఇలాంటి లెక్కల మాయవల్లనే 2001 డిసెంబరులో దివాలా తీసింది. ఆ ఉద్యోగుల్లో చాలామంది పదవీ విరమణ సొమ్ము ఆ కంపెనీ షేర్లలోనే ఉండిపోయింది.

మంచి పనులు తప్పును మాపుతాయా?

సత్యం కథలో మనల్ని ఇబ్బంది పెట్టే భాగం మరొకటుంది. ఇందులోని వ్యక్తిని కేవలం దుర్మార్గుడిగా చిత్రించి పక్కన పెట్టలేం. రోడ్డు ప్రమాదం జరిగినా, అర్ధరాత్రి పురిటినొప్పులొచ్చినా మనం 108కు ఫోన్ చేస్తాం. ఆ అంబులెన్సు సేవను 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభించిన సంస్థను నెలకొల్పింది రామలింగరాజు గారే. తండ్రి పేరున పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో మంచినీరు, వైద్యం, చదువు అందించడానికి పనిచేసింది. ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో! అందుకే 2009లో చాలామంది తెలుగువాళ్ళు, "పాపం, ఆయన ఇంటికేం పట్టుకుపోలేదట, కంపెనీ కోసమే చేశాడట" అన్నారు. ఆయన కూడా తాను స్వంతానికి ఏమీ తీసుకోలేదనే లేఖలో రాశారు. దర్యాప్తు సంస్థలు, సెబీ ఆ మాటను ఒప్పుకోలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు, మరి తొమ్మిదిమందికి ఏడేళ్ళ జైలుశిక్ష విధించింది. మే నెలలో పై న్యాయస్థానం శిక్షను నిలిపి బెయిలు మంజూరు చేసింది.

చట్టం సంగతి న్యాయస్థానాలు చూసుకుంటాయి. నైతిక ప్రశ్న మనది. ఒక చేత్తో చేసిన మేలు ఇంకో చేత్తో చేసిన కీడును కొట్టివేస్తుందా? లెక్కల పుస్తకంలో జమను ఖర్చుతో కొట్టివేయవచ్చు. మనుషుల విషయంలో అలా కుదరదు. ఎందుకంటే మేలు పొందినవాడు వేరు, నష్టపోయినవాడు వేరు. 108 ఎక్కి ఆసుపత్రి చేరిన తల్లి కృతజ్ఞత, పదవీ విరమణ సొమ్మును ఆ షేరులో పెట్టి పోగొట్టుకున్న ముసలాయన బాకీని తీర్చదు. ఆ అంబులెన్సు మేలు నిజం. ఆ దొంగ రశీదూ నిజం. రెండింటినీ పక్కపక్కనే ఉంచి చూడాలి తప్ప ఒకదానితో ఇంకోదాన్ని కప్పకూడదు.

"స్వంతానికి తినలేదు" అన్న వాదనను కూడా కొంచెం పరీక్షించాలి. దొంగిలించినవాడు డబ్బు కోసం దొంగిలిస్తాడు. అబద్ధపు లాభం చూపించినవాడు పేరు కోసమో, పదవి కోసమో, తాను కట్టినది కూలిపోకూడదన్న మమకారంతోనో ఆ పని చేసి ఉండవచ్చు. మమకారం డబ్బాశకంటే గౌరవంగా కనిపిస్తుంది. కానీ దాని ఖర్చును కూడా పరాయివాళ్ళే భరించారు.

చెంబు ఎవరి చేతిలో ఉంది?

మళ్ళీ సంతకు వెళ్దాం. తెలివైన కొనుగోలుదారు అమ్మేవాడి మాట నమ్మడు. కళ్ళముందే రెండు పూటలు పాలు పితికించి, కొలిచి చూసుకుంటాడు. కంపెనీల విషయంలో మనం లక్షలమంది వెళ్ళి పితికి చూడలేం. అందుకే ఆడిటర్లనే పెద్దమనుషులను పెట్టుకున్నాం. ఆడిటరు మొదట చేయవలసిన పనుల్లో ఒకటి చాలా చిన్నది: ఫలానా కంపెనీ పేరున మీ దగ్గర ఎంత సొమ్ముంది అని బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి, నేరుగా జవాబు తెప్పించుకోవడం. సత్యం వ్యవహారంలో ఆ ఉత్తరాలను పంపే పనిని ఆడిటర్లు ఆ కంపెనీవారి చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ తేల్చింది. ఇది ఎలా ఉందంటే, "నువ్వే దొడ్లోకి వెళ్ళి పితికి చెంబు పట్టుకురా, నేను ఇక్కడ కూర్చుని కొలుస్తాను" అన్నట్టు ఉంది.

డైరెక్టర్ల మాటేమిటి? ఆ బోర్డులో పేరున్న విద్యావేత్తలు, మాజీ ఉన్నతాధికారి ఉన్నారు. అంత పెద్దవాళ్ళున్నారు కదా అని లోకం నమ్మింది. అంతటి కంపెనీ కదా అని వాళ్ళూ నమ్మారు. ఒకరి పరువు ఇంకొకరికి పూచీ అయింది. ఎవరూ చెంబు తమ చేతిలోకి తీసుకోలేదు.

ఆ తర్వాత చట్టాలు కొంత బిగిశాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీకి ఒకే ఆడిట్ సంస్థ అయిదేళ్ళ చొప్పున రెండు విడతలకు మించి వరసగా కొనసాగరాదు. షేరుదారులు అందరూ కలిసి దావా వేసే హక్కు కూడా ఆ చట్టంలో వచ్చింది. అంతకుముందు అది లేకపోవడం ఎంత లోటో సత్యం విషయంలోనే తెలిసింది. అమెరికాలో ఆ షేర్లు కొని నష్టపోయినవారితో కంపెనీ 2011లో 12 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ఇక్కడ, కంపెనీ పుట్టిన ఊళ్ళో, ఆ షేర్లే కొన్న చిన్న మదుపుదారులకు అలాంటి దారి అప్పటి కంపెనీ చట్టంలో లేదు.

అడిగేవాళ్ళ బాధ్యత

ఇంతవరకు చెప్పేవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇక అడిగేవాళ్ళ సంగతి. అంటే మన సంగతి.

మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ మూడు నెలలకొకసారి తన ఫలితాలను ప్రకటించాలి. ఇది మంచి నియమమే, దాపరికాన్ని తగ్గిస్తుంది. కానీ దీనితోపాటు ఒక జబ్బు కూడా వచ్చింది. లాభం పెరిగినా, నిపుణులు ముందుగా వేసిన అంచనాకంటే తక్కువగా పెరిగితే షేరు పడిపోతుంది. వంద రూపాయల లాభం తెచ్చినవాడిని "నూట ఐదు తేలేదేం?" అని నిలదీస్తారు. వ్యవసాయం తెలిసిన మనకు ఇది ఎంత అసహజమో వేరే చెప్పక్కర్లేదు. వాన ప్రతి ఏడూ ఒకేలా కురవదు. చేను ప్రతి కారూ ముందటి కారుకంటే ఎక్కువ పండదు. ఎగుడుదిగుళ్ళు లేని లెక్కను చూస్తే సంతోషించడం కాదు, అనుమానించాలి.

మన ఇళ్ళలో కూడా ఈ మూడు నెలల జబ్బు ఉంది. పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడిని, "ఏం నేర్చుకున్నావురా?" అని అడిగే తండ్రులు తక్కువ. "ఎన్ని వచ్చాయి? పక్కింటివాడికి ఎన్ని?" అని అడిగేవారే ఎక్కువ. అంకె ఒక్కటే అడుగుతుంటే పిల్లవాడు కూడా అంకె ఒక్కటే తేవడం నేర్చుకుంటాడు. అది ఎలా తెచ్చాడో మనకు తెలియదు. మదుపుదారుడు కూడా ఆ తండ్రిలాంటివాడే. "ఎంత వచ్చింది?" అని మాత్రమే అడిగి "ఎలా వచ్చింది?" అని అడగనివాడు తాను మోసపోయిన రోజున పూర్తిగా నిర్దోషినని చెప్పుకోలేడు. ఇలా అనడం వల్ల మోసం చేసినవాడి దోషం ఒక్క పిసరు కూడా తగ్గదు. అబద్ధం చెప్పినవాడిదే నేరం. కానీ అబద్ధానికి గిరాకీ పెంచినవారికి కూడా కొంత పూచీ ఉంది.

అయితే లాభమే చెడ్డదా? కాదు. పోపు రెండవ జాన్ పౌలు గారు 1991లో వెలువరించిన విశ్వలేఖలో ఈ విషయాన్ని తేటగా చెప్పారు. కంపెనీ సక్రమంగా నడుస్తోందని తెలిపే గుర్తుగా లాభానికి న్యాయమైన స్థానం ఉంది; అయితే అదొక్కటే గుర్తు కాదు, లెక్కలన్నీ సరిగా ఉన్నచోట కూడా మనుషులు అవమానానికి గురవుతూ ఉండవచ్చు అన్నది అక్కడి భావం. దీనికి మనం ఇంకో మాట జోడించుకోవచ్చు. లెక్కలే సరిగా లేనిచోట మనుషులకు అవమానం తప్పనే తప్పదు.

ఆ పొదుగు సలిపే గేదె గుర్తుందా? 2009 జనవరిలో ఆ స్థానంలో నిలబడింది సత్యం ఉద్యోగులు. వారు రాసిన ప్రోగ్రాములు నిజం. రాత్రిళ్ళు మేల్కొని విదేశాల కంపెనీలకు అందించిన సేవ నిజం. మూడు నెలలకు 2,112 కోట్ల ఆదాయం తెచ్చింది వారి కష్టమే. ఆ అంకె చిన్నదేమీ కాదు; దాన్ని దాచి 2,700 అని చెప్పడం ద్వారా వారి నిజమైన కష్టాన్ని కూడా అబద్ధంలో కలిపేశారు. ఒక్క రాత్రిలో వారి కంపెనీ పేరు నవ్వులపాలైంది. అయినా చాలామంది మర్నాడు కూడా వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ షేరుకు 58 రూపాయలిచ్చి 31 శాతం వాటా తీసుకుంది. 2013 జూన్‌లో సత్యం ఆ సంస్థలో విలీనమైంది.

ఆ 58 రూపాయలు దేనికి? లేని 5,040 కోట్లకు కాదు. పులి మీద స్వారీ చేసి నిలబెట్టిన పరువుకు కాదు. మిగిలిన మనుషులకు, వారి చేతిలో ఉన్న పనికి. 179 రూపాయల ధరలో ఎంత విలువ ఉందో ఎవరికీ తెలియదు. చెప్పవలసినవారు నిజం చెప్పలేదు కనుక. 58 రూపాయల ధర తక్కువే కావచ్చు. కానీ ఆ సొమ్ము చెల్లించినవారు లెక్కల్లో ఏం లేదో తెలుసుకున్న తర్వాతనే చెల్లించారు.

ధర ఇతరులు ఇచ్చేది. విలువ మన దగ్గర ఉన్నది. ఇతరులిచ్చే ధరను కాపాడుకోవడానికి మన దగ్గరున్నదాన్ని తాకట్టు పెట్టడం కంపెనీలకే పరిమితమైన పని కాదు. ఉన్న పొలం అమ్మి ఊరంతా చెప్పుకునేలా పెళ్ళి చేసే తండ్రి, సంఘం లెక్కల్లో లోటును వచ్చే నెల పూడ్చుకుందాంలే అని ఈ నెలకు సర్దేసే కోశాధికారి, సరుకు అమ్ముడుపోయిందని యజమానికి ముందే చెప్పేసే గుమాస్తా, అందరూ ఆ పులి మీద ఒక కాలు వేసినవారే. దాని మీదనుంచి దిగడం తేలికగా ఉండేది మొదటి రోజు మాత్రమే. ఆ రోజు పోయేది కొద్దిపాటి పరువు. తర్వాత రోజుల్లో పోయేది ఇతరుల సొమ్ము.

వచ్చేసారి మీ సంఘంలోనో, సహకార పరపతి సంఘంలోనో, మీరు డబ్బు పెట్టిన ఫండ్ పంపే కాగితంలోనో లాభం అంకె కనిపించినప్పుడు, పెరిగిందని సంబరపడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఎలా వచ్చింది, ఎవరు కొలిచారు?" అడిగితే నొచ్చుకునేవాడి దగ్గర డబ్బు పెట్టకండి. అడిగినందుకు సంతోషించి పుస్తకం తెరిచి చూపించేవాడు లాభం కొంచెం తక్కువ చూపించినా, అతన్ని నమ్మవచ్చు.